మొక్కు లేని ప్రయాణం

మా ఇంట్లో ప్రయాణాలు మూడే రకాలు. పెళ్లికి వెళ్లడం, చావుకి వెళ్లడం, మొక్కు తీర్చుకోవడానికి వెళ్లడం. నాకు పెళ్లయి ఇరవై రెండేళ్లు. ఈ ఇరవై రెండేళ్లలో ఇల్లు దాటి నేను రాత్రి పడుకున్న ఊళ్లన్నీ లెక్కపెడితే ఈ మూడింట్లో ఏదో ఒక దాంట్లో పడాల్సిందే. తిరుపతి, శ్రీశైలం, వేములవాడ, భద్రాచలం మొక్కుల ఖాతాలోకి పోతాయి. మిగతా ఊళ్లు బంధువుల ఖాతాలోకి. ఊరికే వెళ్లిన ఊరు ఒక్కటీ లేదు.

మీ ఇంట్లోనూ ఇంతేనా? నాకు తెలిసిన చాలా ఇళ్లలో ఇంతే. బి.ఏ. తెలుగు చదివేటప్పుడు మాకు ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర గురించి చెప్పేవారు. ఆయన 1830లో చెన్నపట్నం నుంచి బయల్దేరి, మన హైదరాబాదు మీదుగానే కాశీకి వెళ్లారు. తెలుగులో యాత్రాగ్రంథాల గురించి మాట్లాడితే ముందు ఆ పుస్తకం పేరే వస్తుంది. అదీ తీర్థయాత్రే. మనకి యాత్ర అంటే చివర ఒక గర్భగుడి ఉండాలి. లేకపోతే వెళ్లడానికి కారణం దొరకదు.

మా ఆడపడుచు కూతురు డాలస్‌లో ఉంటుంది. అక్కడ చలికాలం రాగానే వాళ్లు, ఇంకో మూడు తెలుగు కుటుంబాల వాళ్లు కలిసి మెక్సికోలోని కాంకూన్ వెళ్తారు. రెండేళ్ల కిందట అక్కడి నుంచే వీడియో కాల్ చేసింది. వెనక నీలంగా సముద్రం, ఇసకలో పిల్లలు, కుర్చీల్లో వాలిపోయిన పెద్దవాళ్లు. చేతికి ఒక పట్టీ కట్టారట, అది చూపిస్తే చాలు, ఎప్పుడంటే అప్పుడు తినడం, తాగడం. మా అత్తమ్మ ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఆడ ఏం గుడి ఉన్నదే?" అంది.

"గుడి కాదు అమ్మమ్మా, సముద్రం."

"సముద్రం కాడ ఏం జేస్తరు?"

"ఏం చెయ్యం అమ్మమ్మా. కూర్చుంటాం. పడుకుంటాం."

"పండుకునేటందుకు గంత దూరం పోయిన్రా?"

అందరం నవ్వాం. ఫోన్ పెట్టేశాక వంటింట్లోకి వెళ్లి పప్పు కడుగుతున్నాను గానీ, "ఏం చెయ్యం" అన్న ఆ పిల్ల మాట మాత్రం నా వెంటే వచ్చింది. ఏం చెయ్యకుండా ఉండటానికి మనిషి ఒక చోటికి వెళ్లొచ్చన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

మేముండేది గౌలిపురాలో. మా ఆయన పత్తర్‌గట్టిలో ఒక ముత్యాల దుకాణంలో లెక్కలు చూస్తారు. అత్తమ్మకి అరవై ఎనిమిదేళ్లు. ముప్పై ఏళ్లకి పైగా ఇంట్లో కూర్చుని దుకాణాలకి ముత్యాలు గుచ్చింది. ముత్యానికీ ముత్యానికీ మధ్య పట్టుదారంతో ఒక ముడి వెయ్యాలి. దండ తెగినా ముత్యాలన్నీ జారిపోకుండా, ఒకదానికొకటి రాసుకుని గీతలు పడకుండా ఆ ముడి కాపాడుతుంది. ఆ ముడులతోనే మామయ్య పోయాక ఇల్లు నడిపింది, మా ఆయన్ని చదివించింది. ఐదేళ్ల కిందట చూపు తగ్గి మానేసింది. అయినా ఖాళీగా కూర్చుంటే ఆవిడ కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు దారం మెలిపెడుతున్నట్టు కదులుతూనే ఉంటాయి. అన్నేళ్లు ముత్యాల మధ్య బతికిన మనిషి సముద్రం చూడలేదు.

ఈ మాట మా ఆయనతో అంటే ఆయన నవ్వారు. "అమ్మ గుచ్చిన వాటిల్లో సముద్రం చూసిన ముత్యాలు ఎన్నుంటాయి?" అన్నారు. నిజమే. ఒకప్పుడు నవాబుల కాలంలో బస్రా ముత్యాలని పేరు, అవి అటు అరబ్బు దేశాల వైపు సముద్రంలోంచి వచ్చేవి. ఇప్పుడు మన చార్మినార్ దగ్గర అమ్మేవాటిలో ఎక్కువ భాగం చైనాలో మంచినీటి చెరువుల్లో పెంచినవి. "అయితే ముత్యాలు, అత్తమ్మ ఇద్దరూ చూడలేదన్నమాట. ఆవిడనైనా తీసుకెళ్దాం" అన్నాను.

డబ్బు సంగతి ముందు తేల్చాలి. మా గల్లీలో మేం నాలుగిళ్ల ఆడవాళ్లం ఎప్పటినుంచో కలిసి ఉంటాం. గోడ పక్కింట్లో ఆపా, ఎదురింట్లో బ్లౌజులు కుట్టే వదిన, రెండిళ్ల అవతల సర్కారు బడిలో చెప్పే టీచరక్క. 2023 జనవరిలో మేం నలుగురం ఒక చీటీ మొదలుపెట్టాం. నెలకి ఇంటికి వెయ్యి రూపాయలు. పాట లేదు, ఎత్తుకోవడం లేదు. టీచరక్క పేరుమీద బ్యాంకులో పడుతుంది, డిసెంబర్‌లో అందరం కలిసి ఖర్చుపెడతాం. ఏడాదికి 48,000. ఆ మొత్తానికి కాంకూన్ రాదు గానీ బాపట్ల వస్తుంది. హైదరాబాదు నుంచి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరగలిగిన సముద్రం అదే. బాపట్ల ఊరి నుంచి తొమ్మిది కిలోమీటర్లు వెళ్తే సూర్యలంక.

ఆపాని అడగడానికి వెళ్లినప్పుడు నా మూడు రకాల ప్రయాణాల సంగతి చెప్పాను. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. "హమారే ఘర్ మే భీ వహీ" అంది. వాళ్లింట్లో షాదీ, మయ్యత్, జియారత్. గుల్బర్గా దర్గా, అజ్మీరు, ఒకసారి ఉమ్రా. ఉమ్రాకి వెళ్లినప్పుడు జెడ్డాలో బస్సు కిటికీలోంచి సముద్రం కనిపించిందట, దిగనివ్వలేదట. "అప్పటినుంచి ఒక్కసారి కాళ్లు తడుపుకోవాలని ఉంది" అంది. నాలుగు గోడలు దాటని కోరికలు ఒక గోడకి అటూ ఇటూ ఇలా ఉండిపోతాయి, పదిహేనేళ్లు పక్కపక్కన బతికినా బయటికి రావు.

2023 డిసెంబర్‌లో రెండో శనివారానికి అన్నీ సిద్ధం చేసుకున్నాం. అంతలో మిగ్‌జాం తుపాను వచ్చింది. డిసెంబర్ 5న సరిగ్గా బాపట్ల దగ్గరే తీరం దాటింది. టీవీలో వంగిపోయిన చెట్లు, మునిగిన పొలాలు చూపిస్తుంటే అత్తమ్మ నా వైపు చూసింది. "మొక్కు లేకుంట పోతా అంటివి, గిట్లనే అయితది" అంది.

కోపం రాలేదు నాకు. సముద్రం అంటే ఆవిడకి తెలిసింది ఒక్కటే, ఉప్పెన. 1977 నవంబర్ 19న దివిసీమని ముంచేసిన ఉప్పెన నాటికి ఆవిడ కొత్త కోడలు. రేడియోలో వార్తలు వింటూ గల్లీ ఆడవాళ్లు పాత బట్టలు, బియ్యం మూటలు కట్టారట. ఆవిడ పెళ్లిచీరల్లోంచి రెండు తీసి ఇచ్చిందట. వేలమందిని ఒక్క రాత్రిలో తీసుకుపోయిన నీళ్లని చూడటానికి సరదాగా వెళ్తామంటే ఆవిడకి మింగుడు పడకపోవడంలో వింతేముంది? మా పాతబస్తీలో పెద్దవాళ్లకి నీళ్లంటే భయం ఎప్పుడూ ఉంది. 1908 సెప్టెంబర్‌లో మూసీకి వచ్చిన వరద కథలు తాతల నుంచి వింటూ పెరిగారు. 2020 అక్టోబర్ వానల్లో మా వైపు గల్లీల్లో నడుముల్లోతు నీళ్లు చూశాం. పిలవకుండా ఇంటికొచ్చే నీళ్లు తప్ప, మనం వెతుక్కుంటూ వెళ్లే నీళ్లు ఆవిడ ఎరగదు.

ఆ ఏడు ఆగిపోయాం. చీటీ మాత్రం ఆపలేదు. మళ్లీ 2024 డిసెంబర్ వచ్చింది. రెండో శనివారం 14వ తారీఖు పడింది. ధనుర్మాసం 16న మొదలు. కార్తీకమాసంలో సముద్రస్నానాలకి సూర్యలంకలో జనం విరగబడతారు, అదీ అయిపోయింది. ఇంతకంటే మంచి రోజులు దొరకవు. అత్తమ్మ చివరి ప్రశ్న అడిగింది: "ఆడ గుడి ఉన్నదా?"

ఉంది. బాపట్లలో భావనారాయణస్వామి గుడి ఉంది, చోళుల నాటిది. ఆ స్వామి పేరు మీదే ఊరికి భావపురి అని పేరుండేదని, అదే బాపట్ల అయిందని చెబుతారు. "ఆదివారం తిరిగొచ్చేటప్పుడు దర్శనం చేయిస్తా" అన్నాను. అప్పుడు ఒప్పుకుంది. మనసులో ఒక దేవుణ్ణి కుదుర్చుకున్నాక ఆవిడ సంచి సర్దడం మొదలుపెట్టింది.

శుక్రవారం తెల్లారి ఐదింటికి టెంపో ట్రావెలర్‌లో పదకొండు మందిమి బయల్దేరాం. మా ఇంట్లో ఐదుగురం, టీచరక్క వాళ్లు ముగ్గురు, ఆపా, ఆపా కూతురు, వదిన. ఆపా వాళ్లాయన దుకాణం వదిలి రానన్నారు. "ఆప్ లోగ్ జావో" అని చక్కిలాల డబ్బా ఎక్కించి చెయ్యూపారు.

నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ రోడ్డు వదిలి నల్లగొండ, మిర్యాలగూడ వైపు తిరిగాం. మిర్యాలగూడలో రైసుమిల్లులు కనిపిస్తుంటే మా అమ్మాయి లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో వదిలేసింది. వాడపల్లి దగ్గర కృష్ణ మీద వంతెన వచ్చింది. బండి కాసేపు ఆపించాను. అత్తమ్మకి ఒక సంగతి చెప్పాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

"అత్తమ్మా, మన మూసీ ఇక్కడే కృష్ణలో కలుస్తుంది."

అనంతగిరి కొండల్లో పుట్టి, మన పురానాపూల్, నయాపూల్, చాదర్‌ఘాట్ కిందుగా పారి, 200 కిలోమీటర్లకి పైగా నడిచి మూసీ చేరేది ఈ వాడపల్లికే. ఇక్కడి నుంచి కృష్ణతో కలిసి హంసలదీవి దగ్గర సముద్రంలోకి పోతుంది. అత్తమ్మ వంతెన మీంచి చాలాసేపు చూసింది.

"మన మురికంత గీడికి మోసుకొచ్చి కలుపుతుందా? పాపం కృష్ణమ్మ" అంది.

అందరం నవ్వాం గానీ బండి కదిలాక ఆవిడే మళ్లీ అంది: "అయితే మన గల్లీ నీళ్లు మనకంటే ముందే సముద్రం జూసినయన్నట్టు."

పిడుగురాళ్లలో సున్నం బట్టీల దుమ్ము, నరసరావుపేటలో టీ, ఆ తర్వాత చదునైన నేల. బాపట్ల దాటాక మట్టి రంగు మారింది, ఇసక నేలలు, సరుగుడు తోటలు. కిటికీలోంచి వచ్చే గాలి తడిగా, ఉప్పగా మారడం ముందు ఆపా గమనించింది. ఒంటిగంట దాటాక సూర్యలంక చేరాం. పర్యాటక శాఖ వాళ్ల కాటేజీలు రెండు తీసుకున్నాం, సామాన్లు అక్కడ పడేసి పిల్లలు పరిగెత్తారు.

అత్తమ్మ నీళ్ల దాకా రాలేదు. దూరంగానే ఆగిపోయింది. నేను పక్కన నిలబడ్డాను. ఏమంటుందోనని చూస్తున్నాను. చాలాసేపటికి, "గింత లొల్లి జేస్తదా?" అంది.

నిజమే కదా అనిపించింది. టీవీలో, సినిమాల్లో సముద్రం చూపించినప్పుడల్లా పైన పాటేదో వేస్తారు. సముద్రానికి ఇంత గొంతు ఉంటుందని, అది రాత్రీ పగలూ ఆగదని ఎవరూ చెప్పరు. "గా ఉప్పెన ఇక్కడ్నేనా?" అని అడిగింది. దివిసీమ ఇక్కడికి తూర్పున, కృష్ణ సముద్రంలో కలిసే చోట అని చేత్తో చూపించాను. అటు తిరిగి రెండు చేతులూ జోడించింది. అప్పుడు చెప్పులు విప్పి నా భుజం పట్టుకుని నడిచింది. నీళ్లు పాదాలకి తగలగానే "చల్లగ లేదేందే!" అని ఆశ్చర్యపోయింది. చలికాలంలో సముద్రమేంటి, జలుబు చేస్తుందని ఏడాదంతా పోరిన మా ఆయన ఆ మాట వినకుండా ముందుకు పోయారు.

భోజనానికి చేపలు. చేపతో మా బృందానికి పెద్ద సౌకర్యం, హలాల్ అడగాల్సిన పని ఉండదు. ఆపా, నేను ఒకే పళ్లెంలోంచి వంజరం వేపుడు తిన్నాం. మర్నాడు శనివారం కాబట్టి అత్తమ్మ ఆరోజే రెండు ముక్కలు ఎక్కువ వేయించుకుంది.

ఇక అసలు సంగతి. ఆ సాయంత్రం పిల్లలు ఇసకలో ఆడుతున్నారు, మగవాళ్లు కుర్చీలు వేసుకుని రాజకీయాలు మాట్లాడుకుంటున్నారు. మేం ఐదుగురు ఆడవాళ్లం చాప మీద కూర్చున్నాం. ఐదు నిమిషాలు సముద్రం వైపు చూశాం. ఆరో నిమిషంలో వదిన సంచిలోంచి చీర, సూది తీసింది, ఫాల్ కుట్టాలట. టీచరక్క పరీక్ష పేపర్ల కట్ట తీసింది. ఆపా కూతురి దుపట్టాకి పూసలు కుట్టడం మొదలుపెట్టింది. నా సంచిలో అరకిలో వెల్లుల్లి ఉంది. తిరిగి వెళ్లాక అల్లంవెల్లుల్లి నూరుకోవాలి కదా, ఖాళీగా కూర్చునేటప్పుడు ఒలుచుకోవచ్చని తెచ్చాను. ఒకరినొకరం చూసుకున్నాం. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, నలుగురం పని మూటగట్టుకునే వచ్చాం. ఏ పనీ తేని అత్తమ్మ చేతివేళ్లు లేని దారాన్ని మెలిపెడుతున్నాయి.

ముందుగా టీచరక్క పేపర్లు లోపల పెట్టేసింది. "ఇంటి దగ్గర పని ఎట్లాగూ ఉంటుంది. ఇక్కడ కూడా చేస్తే వెయ్యి రూపాయలు ఎందుకు కట్టినట్టు?" అంది. డబ్బు లెక్క మాకు బాగా తలకెక్కుతుంది. అన్నీ సంచుల్లోకి పోయాయి. వెల్లుల్లి పొట్టు ఇసకలో కప్పేసి చెయ్యి దులుపుకున్నాను. ఆ తర్వాత అరగంట మాకు చాలా కష్టంగా గడిచింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చెప్తే నవ్వుతారు గానీ, మీరు కూడా ఒకసారి ప్రయత్నించి చూడండి. చేతిలో ఫోన్ లేకుండా, పని లేకుండా, ఎవరికీ ఏదీ అందించకుండా అరగంట.

శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకి మెలకువ వచ్చింది. మా గల్లీలో రోజు విడిచి రోజు ఆ వేళకి నల్లా వస్తుంది. ఆరోజు నల్లా రోజు. లేచి బిందె కోసం చూసి, ఎక్కడున్నానో గుర్తొచ్చి బయటికి వచ్చాను. అరుగు మీద అప్పటికే వదిన కూర్చుని ఉంది. ఆపా ఫజర్ నమాజుకని లేచింది. ఇంకో పది నిమిషాలకి టీచరక్క, అత్తమ్మ. ఐదుగురం నీళ్లు పట్టుకోవడానికి లేచాం. ఎదురుగా కనుచూపు మేరా నీళ్లు, పట్టుకోవాల్సింది చుక్క లేదు. అదే మాట వదిన అంది. నవ్వు ఆపుకోలేక నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నాం, మగవాళ్లు లేస్తారని.

చీకట్లోనే ఒడ్డుకి వెళ్లాం. ఆరున్నర దాటాక ఆగ్నేయం వైపు నీళ్లల్లోంచి సూర్యుడు లేచాడు. మాకు తూర్పు అంటే ఎదురింటి మేడ. పొద్దు ఆ మేడ దాటి మా వాకిట్లోకి రావడానికి తొమ్మిదవుతుంది. ఇక్కడ అడ్డం ఏమీ లేదు. ఎవరమూ ఫోటో తీయలేదు, ఫోన్లన్నీ గదుల్లోనే ఉండిపోయాయి.

ఆ రోజంతా నన్ను ఒక్కరూ "ఏం వండుతున్నావు?" అని అడగలేదు. ఇంట్లో పొద్దున లేచినప్పటి నుంచి ఆ ప్రశ్న నా తలలో తిరుగుతూనే ఉంటుంది, ఎవరూ పైకి అడగకపోయినా. టిఫిన్ అవుతుండగా మధ్యాహ్నం కూర, అది పొయ్యి మీద ఉండగా రాత్రికి పిండి. వంట కంటే ఆ ఆలోచనే ఎక్కువ అలసట. ఆరోజు ఇడ్లీ ఎవరో వండారు, పప్పు ఎవరో వండారు. ఉప్పు కాస్త తక్కువైంది, తిన్నాను. మధ్యాహ్నం సరుగుడు చెట్ల కింద చాప మీద పడుకుంటే నిద్ర పట్టింది. లేచేసరికి నాలుగైంది. ఎవరూ నన్ను లేపలేదు. పెళ్లయ్యాక జ్వరం లేకుండా పగలు అంతసేపు పడుకోవడం నాకు అదే మొదలు.

లేచి చూస్తే అత్తమ్మ లేదు. కంగారుగా ఒడ్డుకి వెళ్తే దూరంగా ఒక పడవ పక్కన కనిపించింది. ఒక పెద్దాయన చిరిగిన వల ఒళ్లో వేసుకుని బాగుచేస్తున్నాడు. ఈవిడ ఎదురుగా గొంతుక్కూర్చుని ఆ ముడులు వేళ్లతో తడిమి చూస్తోంది.

"ఇది మేం ఏసే ముడి లెక్కనే ఉన్నది, గని రెండు మలకలు ఎక్కువ" అంటోంది.

"మీరేం పని చేస్తారమ్మా?" అని అడిగాడాయన.

"ముత్యాలు గుచ్చేదాన్ని."

ఆయన వల పక్కన పెట్టి సముద్రం వైపు ఒకసారి చూసి, "నలభై ఏళ్లబట్టి ఏటకెళ్తన్నా. నాకెప్పుడూ ఒక్క ముత్యం దొరకలేదమ్మా" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆయన వల కొస ఆవిడ చేతిలో పెట్టాడు. చూపు సరిగా ఆనకపోయినా ఆవిడ రెండు ముడులు వేసింది. ఆయన లాగి చూశాడు. "గట్టిగానే ఉంది" అన్నాడు. ఇంటికొచ్చాక అందరికీ ఆవిడ మొట్టమొదట చెప్పింది ఆ మాటే.

సాయంత్రం ఐదింటికి చంద్రుడు వచ్చాడు. మార్గశిర పౌర్ణమి ఘడియలు అప్పుడే మొదలయ్యాయి. అటు పొద్దు గుంకుతుంటే ఇటు నీళ్లమీంచి ఇంత పెద్ద చంద్రుడు. ముందు ఎర్రగా, తర్వాత పసుపుగా, చీకటి పడ్డాక తెల్లగా. పున్నమికి పోటు ఎక్కువగా ఉంటుంది. అలలు మా చాప దాకా వచ్చాయి, మేం వెనక్కి జరిగాం, మళ్లీ వచ్చాయి. ఆపా బురఖా అంచు కాస్త ఎత్తిపట్టుకుని పాదాలు మునిగేలా నిలబడింది. చాలాసేపు అలాగే నిలబడి, వెనక్కి వచ్చి కూర్చుని, "జెడ్డా బాకీ తీరింది" అంది.

నేను అత్తమ్మ వైపు చూశాను. రెండు చేతులూ ఇసకలో పెట్టుకుని కూర్చుంది. వేళ్లు కదలడం లేదు.

ఆదివారం పదింటికి గదులు ఖాళీ చేసి, పదకొండుకల్లా భావనారాయణస్వామి దర్శనం చేసుకుని బయల్దేరాలని మా ఆయన ప్రణాళిక. మధ్యాహ్నం గుడి మూసేస్తారు కదా. సామాన్లు బండిలో పెట్టాం. అత్తమ్మ చాప మీంచి లేవలేదు. "అత్తమ్మా, గుడికి టైమవుతుంది" అన్నాను.

"ఇంకో గడియ కూసుంటా" అంది.

"గుడి మూస్తరమ్మా" అన్నారు మా ఆయన.

"మూస్తె మూయని. సామి యాడికి వోతడు? మళ్లొచ్చినప్పుడు జూస్త."

మా ఆయన నా వైపు చూశారు. ఆవిడ జీవితంలో ఒక గుడిని రేపటికి వాయిదా వేసినట్టు ఆయన ఎప్పుడూ చూడలేదు. నేనూ చూడలేదు. ఎవరమూ ఇంకేం మాట్లాడలేదు. ఆయనే డ్రైవరుతో ఇంకో గంట అని చెప్పి వచ్చి, తల్లి పక్కన చాప మీద కూర్చున్నారు. ఆ గంటలో వాళ్లిద్దరూ పది మాటలు కూడా మాట్లాడుకున్నట్టు లేదు. కానీ మా ఆయన తల్లి పక్కన పని లేకుండా అంతసేపు కూర్చోవడం నేను అప్పుడే చూశాను. మందులు ఇవ్వడానికో, పింఛను కాగితాల మీద వేలిముద్ర వేయించడానికో కూర్చుంటారు తప్ప.

బాపట్ల చేరేసరికి తలుపులు మూసేశారు. అత్తమ్మ బండి దిగి, గోపురం ఎదుట నిలబడి దండం పెట్టుకుని ఎక్కేసింది. మొహంలో బాధేమీ లేదు.

మీరూ వెళ్లాలనుకుంటే నాలుగు మాటలు. కార్తీకం వారాంతాల్లో వద్దు, నిలబడటానికి చోటుండదు. అక్టోబర్ నుంచి డిసెంబర్ మొదటి వారాల దాకా బంగాళాఖాతంలో తుపాన్లు వచ్చే కాలం, బయల్దేరే ముందు వాతావరణ వార్తలు చూసుకోండి, వద్దంటే మానెయ్యండి, చీటీ డబ్బు ఎక్కడికీ పోదు. మన తెలంగాణ వాళ్లకి చెరువు తెలుసు గానీ సముద్రం తెలియదు. మోకాళ్లు దాటి లోపలికి వెళ్లనివ్వకండి, ఈత వచ్చిన పిల్లల్ని అసలే నమ్మకండి. వెనక్కి పోయే నీళ్లు కాళ్ల కింద ఇసకని తీసుకుపోతాయి. ఒడ్డున పోలీసులు ఈల వేస్తే బయటికి రావాల్సిందే. బండి వద్దనుకుంటే చెన్నై వైపు వెళ్లే రైళ్లు కొన్ని బాపట్లలో ఆగుతాయి, అక్కడి నుంచి ఆటోలు ఉంటాయి. వెల్లుల్లి తీసుకెళ్లకండి.

తిరిగొచ్చి రాత్రి పదింటికి తాళం తీశాం. మర్నాటి నుంచి అంతా మామూలే. నల్లా, టిఫిను, డబ్బాలు, ఏం వండాలన్న ఆలోచన. మూడు రోజుల్లో బతుకు మారిపోదు. మారిందని చెప్తే మీరూ నమ్మరు. కానీ అత్తమ్మ ఇప్పుడు అప్పుడప్పుడు మధ్యాహ్నం నన్ను పిలిచి, "కూసోవే" అంటుంది. "ఏం కావాలి అత్తమ్మా?" అంటే, "ఏం వద్దు, కూసో" అంటుంది. ఇంతకుముందు పని చెప్పడానికి తప్ప ఆవిడ నన్ను పిలిచింది లేదు. పది నిమిషాలు కూర్చుంటాం. ఆపా కూడా అప్పుడప్పుడు వస్తుంది.

కొత్త చీటీ జనవరిలో మొదలైంది. మా ఇంటి తరఫున మొదటి వెయ్యి అత్తమ్మే ఇచ్చింది, తనకొచ్చే 2016 రూపాయల పింఛనులోంచి. ఎందుకు అత్తమ్మా, మేం కడతాం కదా అంటే వినలేదు. "నా పైసలతోని నేనొస్త" అంది.